అడవి తరిగిన తరువాత

వచ్చు ఆదివారము ఆరాధనకు వెళ్లినప్పుడు, పాట మొదలు కాకముందే ఒక్కసారి తలయెత్తి మీ గుడి పైకప్పు చూడుడి. పాత పెంకుటి గుడియైతే దూలములు, వాసములు కనబడును. సిమెంటు శ్లాబు వేసిన గుడియైతే తలుపు చట్రమునైనను, ప్రసంగ పీఠమునైనను చూడుడి. ఆ కఱ్ఱ ఎక్కడనుండి వచ్చెను? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో టేకు అడవి అనునది లేదు. ఇది కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు నేల. వరి పండును, అరటి పండును. గట్ల మీద తాడి, తుమ్మ, వేప పెరుగును. బాపట్ల దిక్కున సముద్రపుటిసుకలో సరుగుడు తోటలున్నవి. తాటి దూలముతో ఇల్లు నిలుచును, తుమ్మ కఱ్ఱతో బండి చక్రమగును. అయితే పది కాలములపాటు ఉండవలసిన తలుపునకు టేకు కావలెనన్నచో, అది పరాయి చోటునుండి రావలసినదే.

పూర్వము అది నీటి దారిని వచ్చెడిది. గోదావరి ఎగువ కొండలలో కొట్టిన టేకును వెదుళ్లతో కలిపి తెప్పలు కట్టి రాజమహేంద్రవరము వైపు దింపెడివారు. కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసిన తరువాత మన కాలువలు పైరుకు నీరిచ్చుటయే కాక పడవలకు బాటలాయెను. దుగ్గిరాల దగ్గర చీలిన కొమ్మమూరు కాలువ పెదగంజాము దగ్గర బకింగ్‌హాము కాలువలో కలిసెను. అందుచేత గోదావరి దిక్కునుండి బయలుదేరిన పడవ మన పొలముల నడుమనుండి చెన్నపట్టణము వరకు పోగలిగెను. పెద్దవారు మెచ్చుకొను రంగూను టేకు బర్మానుండి ఓడలలో వచ్చెడిది. ఆ దుంగ అడితికి చేరిన తరువాత ఎత్తైన కఱ్ఱల మీద దానిని పెట్టి, ఒకడు పైన, ఒకడు క్రింద నిలిచి నిలువు రంపముతో పలకలు కోసెడివారు. క్రిందివాని కండ్లనిండ రంపపు పొట్టే. పైవాడు గీత తప్పెనా, పలక పాడయ్యెను, నష్టము ఇద్దరిదియు.

కలపను నీటిమీద దింపుట మనకు మాత్రమే తెలిసిన విద్య కాదు. సొలొమోను మందిరము కట్టించినప్పుడు తూరు రాజైన హీరాము లెబానోను దేవదారు మ్రానులను తెప్పలుగా కట్టించి సముద్రము మీద పంపించెనని రాజుల గ్రంథములో చదువుచున్నాము. దానికి బదులు సొలొమోను గోధుమలును నూనెయు ఇచ్చెను. తరువాత గలిలయలో ఇరువది ఊళ్లను గూడ హీరామునకు ఇచ్చెను గాని, అతడు వచ్చి చూచి, అవి తనకు నచ్చలేదనెను. కలప బేరములో ఇచ్చినవానికి, పుచ్చుకొన్నవానికి లెక్క కుదురుట ఆ దినములలోనే కష్టమై యుండెనని తోచుచున్నది. మరియొక లెక్క కూడ ఉన్నది. దానిని గూర్చి ఆ గ్రంథము ఏమియు చెప్పదు. లెబానోను కొండ మీద చెట్లు కొట్టుకొనిపోయిన తరువాత ఆ కొండవారికి మిగిలినది ఏమి?

అడితివాడు ఒక ఊరిలో ధనము సంపాదించెను. ఆ ధనము ఊరిదా, అడవిదా, కూలివానిదా, తనదా? ఈ ప్రశ్నకు తన ఆస్తితోనే జవాబు చెప్పిన ఒక కలప వర్తకుని చరిత్రను మీకు చెప్పదలచితిని. అతడు మన దేశస్థుడు కాడు. అయినను అతని కథలో నది యున్నది, తెప్పలున్నవి, కోత మిల్లులున్నవి, చిన్న ఊరు ఉన్నది; కనుక మనకు క్రొత్తగా తోచదు.

అతని పేరు చార్లెస్ హెన్రీ హాక్లీ. 1837 జనవరి 3న అమెరికాలోని ఇండియానా రాష్ట్రములో పుట్టెను. తండ్రి ఇండ్లు, రోడ్లు కట్టు చిన్న గుత్తేదారు. పిల్లవాడు పదునైదేండ్లకే బడి మాని పనిలో దిగెను. 1856 ఏప్రిల్ 17న, అనగా మన కృష్ణ ఆనకట్ట ముగిసిన మరుసటి యేడు, అతడు తెరచాప ఓడలో మిచిగన్ సరస్సు దాటి మస్కీగన్ అను ఊరిలో దిగెను. జేబులో ఏడు డాలర్లుండెను. ఆ దినముననే ఒక కోత మిల్లులో కూలివానిగా చేరెను. అప్పటికి అతనికి పందొమ్మిదేండ్లు.

మస్కీగన్ అప్పుడు పట్టణము కాదు, రంపపు పొట్టు మీద లేచిన పల్లె. ఊరి ప్రక్కనే అదే పేరుగల నది ఒక చిన్న సరస్సులో పడి, అక్కడనుండి మిచిగన్ మహాసరస్సులో కలియును. నది వెంబడి రెండు వందల మైళ్ల లోపలికి తెల్ల పైను చెట్ల అడవి. ఆ అడవి పూర్వము ఒడావా, ఒజిబ్వే అను ఆదివాసులది. 1836లో వాషింగ్టనులో జరిగిన ఒడంబడికచేత వారు ఆ ప్రాంతమునంతటిని ప్రభుత్వమునకు వదలుకొనవలసి వచ్చెను. ఈ మాట హాక్లీని పొగడువారు చాలమంది చెప్పరు. కలప లెక్కలో మొదటి వరుస అదే గనుక నేను చెప్పుచున్నాను.

పని ఎట్లు జరిగెడిదో వినుడి. చలికాలములో మంచు పడినప్పుడు చెట్లు కొట్టి, మంచు మీద జారు బండ్లపై దుంగలను నది ఒడ్డుకు చేర్చెడివారు. వసంతములో మంచు కరగి నది పొంగగా దుంగలను నీటిలోనికి దొర్లించెడివారు. వేర్వేరు యజమానుల దుంగలన్నియు ఒకే నదిలో కలిసి వచ్చును గదా, ఎవరివెవరివో ఎట్లు తెలియును? మనము పశువులకు వాత వేసినట్లు, వారు ప్రతి దుంగ కొనమీద యజమాని గుర్తును సుత్తితో కొట్టెడివారు. నదీముఖమున వాటిని గుర్తుల ప్రకారము వేరుచేయుటకే 1864లో ఒక కంపెనీ ఏర్పడెను. దుంగల మీద నడచుచు, కొంకి కఱ్ఱలతో వాటిని త్రోయు పనివారు కాలు జారిన యెడల రెండు దుంగల నడుమ నలిగిపోయెడివారు. నదిలో దుంగలు చిక్కుపడి గుట్టగా నిలిచినప్పుడు ఆ చిక్కు విప్పుట ప్రాణముతో చెలగాటమే.

హాక్లీ మిల్లులో పని చేసెను. అడవిలోనికి వెళ్లి అక్కడి పనియు నేర్చుకొనెను. తరువాత అతడు చేసినది నాకు ముఖ్యముగా తోచుచున్నది. చేతిలో నాలుగు డబ్బులు పడగానే కెనోషా అను పట్టణమునకు పోయి లెక్కలు వ్రాయుట చదువుకొని తిరిగి వచ్చెను. దుంగలు మోసినవాడే లెక్కల పుస్తకము ముందర కూర్చుండెను. 1859లో అతనికిని అతని తండ్రికిని మిల్లు యజమానియైన ట్రూస్‌డెల్‌తో పొత్తు కుదిరెను. 1881లో తన గుమాస్తాగా పని చేసిన థామస్ హ్యూమ్ అను ఐర్లాండువానిని పొత్తుదారునిగా చేర్చుకొనెను. నిన్నటి గుమాస్తా నేటి సమాన భాగస్తుడు! మన ప్రాంతపు దుకాణములలో ముప్పదేండ్లు పద్దులు వ్రాసి చివరకు ఒక పంచెచాపుతో ఇంటికి వెళ్లిన గుమాస్తాలను ఎరిగినవారు ఈ సంగతిని తేలికగా దాటిపోరు.

ఆ వ్యాపారము పెరుగుటకు ఒక పెద్ద కారణము ఒక విపత్తు. 1871 అక్టోబరు 8 రాత్రి సరస్సుకు ఆవలి ఒడ్డుననున్న చికాగో నగరము అంటుకొనెను. పదునేడు వేల కట్టడములు కాలిపోయెను. లక్షమంది నిలువ నీడ లేనివారైరి. 1977 నవంబరు 19నాటి ఉప్పెనను ఎరిగిన దివిసీమ, రేపల్లె, బాపట్ల ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. కొంప కూలినవాడు గంజి తరువాత అడుగునది గుంజ, వాసము, కప్పు. చికాగో తిరిగి కట్టుకొనుటకు కలప అడిగెను. మస్కీగన్ మిల్లులు రాత్రింబగళ్లు కోసెను. అయితే అదే రాత్రి విస్కాన్సిన్ అడవులలో పెష్టిగో అను ఊరు కాలి వెయ్యిమందికి పైగా చనిపోయిరి. మిచిగన్‌లోను ఊళ్లు తగులబడెను. ఆ యేడు వాన లేక నేల ఎండిపోయి యుండెను. చెట్లు కొట్టినవారు కొమ్మలను, చెక్కపేళ్లను, తుక్కును అడవిలోనే వదలివేసిరి. నిప్పుకు అదే మేతయాయెను. అనగా కలప వ్యాపారము మంటకు కట్టెలు వేసెను. ఆ మంట తిరిగి కలప వ్యాపారమునకు లాభము తెచ్చెను. ఈ ముడిని విప్పుట నా వల్ల కాదు.

1880 తరువాత మస్కీగన్ సరస్సు చుట్టు నలుబదికి పైగా కోత మిల్లులుండెను. 1887లో ఆ ఊరు కోసిన కలప సుమారు అరువది ఆరున్నర కోట్ల బోర్డు అడుగులు. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళము మందముగల పలక ఒక బోర్డు అడుగు. పండ్రెండు చేరిన ఒక ఘనపుటడుగు. మన అడితి లెక్కలో అయిదున్నర కోట్ల ఘనపుటడుగులన్నమాట. ఒక ఊరు, ఒక సంవత్సరము! అదే శిఖరము. ఆ మరుసటి యేటినుండి దిగుడే. నదిలో దుంగలు పలుచబడెను. వంద, రెండు వందల యేండ్లు పెరిగిన చెట్లను ముప్పది, నలుబది యేండ్లలో కొట్టివేసిన తరువాత ఇంకేమి వచ్చును? తిరిగి నాటినవాడు లేడు. హాక్లీయు నాటలేదు.

అప్పుడు మిల్లు యజమానులు చాలమంది చేసినది ఊహింపవచ్చును. యంత్రములు విప్పుకొని, డబ్బు మూటగట్టుకొని, క్రొత్త అడవులున్న చోటికి వెళ్లిపోయిరి. వెనుక మిగిలినవి మొద్దులు, రంపపు పొట్టు దిబ్బలు, పని లేని కూలివారు. హాక్లీ, హ్యూమ్‌ల మిల్లు కూడ 1894లో చివరి దుంగ కోసి నిలిచిపోయెను. దాచి చెప్పుట తగదు. వారును దక్షిణమున లూసియానా, మిసిసిప్పీ రాష్ట్రములలో అడవులు కొనిరి. రంపము నిలువలేదు, చోటు మారెను, అంతే. కాని హాక్లీ తాను కదలలేదు. కూలివానిగా దిగిన రేవులోనే ఉండెను.

1888 మే 25న అతడు ఊరి పాఠశాలల బోర్డుకు ఒక సంగతి తెలియజేసెను: ఊరికి ఉచిత గ్రంథాలయము కట్టుటకు లక్ష డాలర్లు ఇచ్చెదనని. ఊరు ఆ దినమును పండుగగా చేసికొనెను. తరువాతి సంవత్సరములలోను బడిపిల్లలు మే 25ను హాక్లీ దినముగా ఆచరించిరి. గ్రంథాలయము 1890లో తెరచిరి. మిల్లులు మూతపడు కాలములో పుస్తకములు ఎందుకని ఎవరైనను అడిగియుండవచ్చును. నేనైతే అడిగియుందును. కడుపు కాలుచున్నవానికి గ్రంథాలయమా? ఆ ఊరి నడుమనే ఒక తోట వేయించి, 1892లో అందులో యోధుల స్మారక స్తంభము నిలిపెను; తరువాత లింకను, గ్రాంటు మొదలగువారి విగ్రహములు పెట్టించెను. ఈ విగ్రహముల విషయములో నాకు అంత ఉత్సాహము లేదు.

1897లో తెరచిన చేతిపనుల పాఠశాల మాత్రము వేరు సంగతి. అక్కడ పిల్లలు వడ్రంగము, లోహపు పని, వంట, కుట్టు నేర్చుకొనిరి. అడవి యుండగా ఆ ఊరి పిల్లవానికి బలమైన భుజములు చాలును. అడవి పోయిన తరువాత వానికి చేతిలో విద్య కావలెను. ఈ భేదమును గ్రహించి డబ్బు పెట్టుట ధర్మము మాత్రమే కాదు, దూరదృష్టి. అదే కాలములో ఊరి పెద్దలు కలప మీద ఆధారపడని పరిశ్రమలను పిలిచి తెచ్చుటకు పూనుకొనిరి. బరువులెత్తు విద్యుత్తు యంత్రముల కర్మాగారము, మంచు పెట్టెల కర్మాగారము, కాగితపు మిల్లు వచ్చెను. పియానోలు చేయు కంపెనీ ఒకటి హాక్లీ పేరును తన పేరులో కలుపుకొనెను. ఊరు సగము చచ్చి తిరిగి లేచెనని చెప్పవచ్చును.

కూలి ఇచ్చుట మేలా, భిక్షము ఇచ్చుట మేలా అను ప్రశ్న మన ప్రాంతములోను వచ్చెను. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని చెప్పి కూలి ఇప్పించెను. ఉచితముగా గంజి పోయుటకంటె అది కష్టమైన పని: కొలతలు, లెక్కలు, పని చేయలేని ముసలివారి గొడవలు. అయినను సాయంకాలము కూలి డబ్బుతో ఇంటికి పోవువాడు తలవంచుకొని పోడు. మన పడవలు పెదగంజాము దాటి నడచిన ఆ కాలువలో అట్టి చేతుల పని కూడ ఉన్నది.

హాక్లీని గూర్చి ఇంకొక మాట చెప్పక తప్పదు. మిల్లులలో పనిగంటలు చాల ఎక్కువ. 1885లో మిచిగన్‌లోనే సాగినా లోయ మిల్లు కూలివారు దినమునకు పది గంటలే పని కావలెనని, లేదా రంపపు పొట్టు రాలదని చెప్పి మిల్లులు నిలిపివేసిరి. పది గంటలు అడుగుటకు సమ్మె చేయవలసి వచ్చినదన్నచో, అంతకుముందు బ్రతుకెట్లుండెనో మీరే లెక్కించుకొనుడి. కోతపు పండ్లలో వ్రేళ్లు పోగొట్టుకొనుట ఆ ఊళ్లలో వింత కాదు. అట్టి శ్రమమీద లేచిన ధనముతో హాక్లీ ముందుగా తనకొక ఇల్లు కట్టుకొనెను. 1887లో మొదలుపెట్టి రెండేండ్లు కట్టిరి. లోపల గోడలనిండ చెక్కిన కఱ్ఱపని, రంగుల అద్దములు. ప్రక్కనే హ్యూమ్ ఇల్లు. ఇద్దరికి కలిపి ఒకటే గుఱ్ఱపు సాల. ఆ ఇంటి మెట్లకు చెక్కిన పని చూచినవారు ఆశ్చర్యపడుదురు. నేనైతే ఆ మెట్లను, నదిలో జారిపడినవానిని, రెంటిని కలిపి తలచుకొందును.

అయినను తాను సంపాదించినది తనది మాత్రమే యని హాక్లీ అనుకొనలేదనుటకు అతడు చేసిన పనులే సాక్ష్యము. జక్కయ్య తన ఇంట నిలిచి ఎవరికెంత ఇయ్యవలెనో లెక్క చెప్పెను. నాలుగంతలు, సగము అని. హాక్లీ అట్లు ఒక్క దినమున చెప్పలేదు. పదునేడేండ్లు, ఒకటి తరువాత ఒకటిగా, అదే ఊరికి ఇచ్చుచు వచ్చెను. చివరిది ఆసుపత్రి. 1904లో దానిని తెరచిరి. 1905 ఫిబ్రవరి 10న అతడు చనిపోయెను. అప్పటికి అరువది యెనిమిదేండ్లు. హ్యూమ్ 1920 వరకు బ్రతికెను. ఆ రెండిండ్లు ఇప్పుడు ప్రదర్శనశాలలు.

మన తెనాలిలో, రేపల్లెలో చదివి, హైదరాబాదుకో అమెరికాకో వెళ్లి, బాగుపడినవారు చాలమంది ఉన్నారు. పండుగకు వచ్చి గుడికి గంటయో, గోడకు రంగో ఇచ్చి, పేరు రాతిమీద చెక్కించి పోవుదురు. తప్పనను. గంట మ్రోగవలసినదే. కాని వెళ్లకముందు ఆ ఊరి బడిలో బెంచీలున్నవా, పిల్లలకు ఏ చేతిపని నేర్పుచున్నారని ఎందరు అడుగుచున్నారో సంఘ పెద్దలు చెప్పగలరు. ఊరిలోనే ఉండి వ్యాపారము చేయువారి సంగతి కూడ అంతే. కాలువ పడవలు నిలిచి చాలకాలమాయెను. కలప ఇప్పుడు లారీలలో వచ్చుచున్నది. బర్మా టేకు స్థానమున ఇతర దేశముల కఱ్ఱ వచ్చెను, చట్రములకు ఇనుము, అల్యూమినియము వచ్చెను. వ్యాపారము రూపము మార్చుకొనును. ఊరు మాత్రము అక్కడే ఉండును, అందులోని పిల్లలును.

నరికిన అడవి సంగతి చెప్పక విడిచితిని. హాక్లీ దానిని తిరిగి ఇయ్యలేకపోయెను. అయితే మస్కీగన్ నది పుట్టు హౌటన్ సరస్సుకు ఉత్తరమున, గ్రేలింగ్ అను ఊరి దగ్గర, కలప వర్తకుని కుమార్తె ఒకామె యుండెను. ఆమె పేరు కారెన్ మికెల్సన్ హార్ట్‌విక్. భర్త మొదటి ప్రపంచ యుద్ధకాలములో సైన్యములో ఉండి చనిపోయెను. 1927లో ఆమె ఎనిమిది వేల ఎకరముల భూమి కొని, భర్త జ్ఞాపకముగా రాష్ట్రమునకు ఇచ్చెను. అందులో రంపము తగలని పాత పైను చెట్లు ఎనుబది అయిదు ఎకరములు మిగిలియుండెను. 1940లో పెనుగాలి వీచి సగమునకు దగ్గరగా కూల్చివేసెను. మిగిలిన నలుబది తొమ్మిది ఎకరములు నేటికిని నిలిచియున్నవి. వాటి ప్రక్కనే, చెట్లు కొట్టినవారు పండుకొనిన కఱ్ఱ గుడిసె నమూనా కట్టి, అందులో వారి రంపములు, గొడ్డండ్లు, దుంగలకు గుర్తు కొట్టిన సుత్తులు పెట్టియున్నారు.